పరిచర్య – పరిశీలన: నర్సింగ్ విద్య నడచివచ్చిన బాట

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరాలు పూర్తి చేసికొన్న ఈ సందర్భములో వెలువడుతున్న సంచికలో దేవాలయాలను గురించి, పాఠశాలలను గురించి, తొలి విశ్వాసులను, పాస్టరు అయ్యగార్లను, బైబిలు స్త్రీలను గురించి అనేకులు వ్రాస్తున్నారు. నర్సింగ్ చరిత్రను గురించి వ్రాయవలసినదిగా సంచిక సంఘమువారు మమ్ములను కోరినారు. మేము ఈ వృత్తిలో జీవితమంతా గడిపినవారము. కొంతకాలము వార్డులోను, కొంతకాలము తరగతి గదిలోను పనిచేసినవారము. కనుక సంతోషముతో ఒప్పుకొన్నాము.

నర్సు అనగానే మన సంఘములలో అందరికి జ్ఞాపకము వచ్చేవి దయ, ఓర్పు, సేవ అనే మాటలు. ప్రతి సంవత్సరము మే 12వ తేదీన నర్సుల దినము నాడు జరిగే ఆరాధనలలో కూడ ఈ మాటలే వినిపిస్తాయి. అవి నిజమైన మాటలే. కాని ఈ వృత్తి చరిత్రను శ్రద్ధగా చూచినవారికి ఇంకొక సంగతి కూడ కనిపిస్తుంది. దయ ఉన్నచోట కూడ రోగులు వేల సంఖ్యలో చనిపోయినారు. ఆ దయగలవారు “వీరు ఎందుకు చనిపోతున్నారు?” అని అడిగి, లెక్క వ్రాసి, తాము నేర్చుకొని ఇతరులకు నేర్పిన తరువాతనే మరణాలు తగ్గినవి. అలా అడగడమే పరిశోధన. అలా నేర్పడమే నర్సింగ్ విద్య. ఈ రెండింటికి మన సంఘములు ఏమి ఇచ్చినవో, ఇంకను ఏమి ఇవ్వవలసియున్నదో జ్ఞాపకము చేసికొనుటకే ఈ వ్యాసము.

డీకనెస్సుల ఇల్లు

మంచి సమరయుని కథను మనము చిన్ననాటి నుండి వింటున్నాము. ఆ కథలో దయ ఒక్క క్షణములో పుట్టినది గాని, ఆ తరువాత జరిగినదంతా పనియే. గాయాలు కట్టడము, నూనెయు ద్రాక్షారసమును పోయడము, వాహనము మీద ఎక్కించడము, పూటకూళ్ల ఇంటికి చేర్చడము, రాత్రి దగ్గర ఉండి చూచుకోవడము, తెల్లవారి మరియొకరికి అప్పగించడము, అందుకు కావలసిన డబ్బు ఇవ్వడము – ఇవన్నియు నేటి నర్సు తన రోజువారీ పనిలో చేసేవే. కెంక్రేయ సంఘములో పరిచారకురాలైన ఫీబేను గురించి అపొస్తలుడు ఎంత గౌరవముగా వ్రాసినాడో మనకు తెలుసు.

ఆ పరిచారకురాలి పదవిని ఆధునిక కాలములో తిరిగి నిలబెట్టినది జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే చిన్న ఊరు. థియొడోర్ ఫ్లీడ్నర్ అనే లూథరన్ పాస్టరుగారు, ఆయన భార్య ఫ్రీడెరికెగారు కలిసి 1836లో అక్కడ డీకనెస్సుల గృహమును, దానితోపాటు ఒక ఆసుపత్రిని ప్రారంభించినారు. పెండ్లికాని స్త్రీలు గౌరవముగా నివసించి, రోగుల సేవ నేర్చుకొనుటకు ఐరోపాలో ప్రొటెస్టంటు సంఘములకు అది మార్గదర్శకమైనది. ఆ రోజులలో కూలికి రోగులను చూచే స్త్రీలకు చదువుగాని, మంచి పేరుగాని లేదు. మంచి కుటుంబాలవారు తమ కుమార్తెలను ఆ పనికి పంపేవారు కారు. కైసర్స్‌వెర్త్ ఆ అభిప్రాయమును కొంతవరకు మార్చినది.

1851లో ఫ్లారెన్స్ నైటింగేల్ అనే ధనిక కుటుంబపు యువతి, ఇంటివారు ఇష్టపడకపోయినను, అక్కడికి వచ్చి మూడు నెలలు ఉండి శిక్షణ పొందినది. తరువాతి కాలములో ఆమె అక్కడివారి భక్తిని ఎంతో మెచ్చుకొన్నారు గాని, ఆసుపత్రి శుభ్రతను, నర్సింగ్ పద్ధతిని మాత్రము మెచ్చుకొనలేదు. భక్తి ఉన్నంత మాత్రాన నర్సింగ్ వచ్చినట్లు కాదని ఆమెకు అక్కడే తోచియుండవచ్చును.

దీపము, దాని వెనుక లెక్క

1854 నవంబరులో నైటింగేల్ అమ్మగారు 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరినారు. ఆ 38 మందిలో పదిమంది రోమను కథోలిక సన్యాసినులు, పద్నాలుగురు ఆంగ్లికను సోదరీ సంఘములనుండి, గృహములనుండి వచ్చినవారు. మిగిలిన పద్నాలుగురు ఆసుపత్రులలో పనిచేసినవారు. అనగా సగానికి మించి సంఘములు పంపినవారే. రాత్రివేళ దీపము పట్టుకొని రోగుల మధ్య తిరిగిన ఆమె చిత్రము మన నర్సింగ్ పాఠశాలలన్నిటిలో గోడకు వ్రేలాడుతూ ఉంటుంది.

అయితే ఆ చిత్రములో కనబడని సంగతి ఒకటి ఉన్నది. ఆమె వెళ్లిన మొదటి చలికాలములో మరణాలు తగ్గలేదు, పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రి రోగులలో నూటికి నలభైమందికి పైగా చనిపోయినారు. గుడ్డలు, భోజనము, పడకలు సమకూర్చినను ఫలితము కానరాలేదు. ఆ మార్చి నెలలో లండను నుండి ఒక పారిశుద్ధ్య సంఘము వచ్చినది. వారు భవనము క్రింద పూడిపోయి క్రుళ్లుతున్న మురుగు కాలువలను కడిగించినారు, గాలి వచ్చే ఏర్పాటు చేసినారు, నీటి సరఫరాను బాగుచేసినారు. జూన్ నాటికి మరణాల సంఖ్య నూటికి రెండు ప్రాంతానికి దిగినది.

యుద్ధము ముగిసి ఇంటికి వచ్చిన తరువాత ఆమె విలియం ఫార్ అనే గణాంకవేత్త సహాయముతో ఆ మరణాలన్నిటిని నెలవారీగా లెక్కించినారు. గాయాలవలన చనిపోయినవారికంటె, ఆసుపత్రిలో సోకిన జ్వరాలవలన, విరేచనాలవలన చనిపోయినవారే చాలా ఎక్కువని అప్పుడు తేలినది. ఆ అంకెలను మంత్రులు చదువరని ఎరిగి, చూడగానే అర్థమయ్యేటట్లు రంగుల చక్రాలుగా గీయించినారు. 1858లో లండను గణాంక సంఘము ఆమెను తన మొదటి స్త్రీ సభ్యురాలిగా చేర్చుకొన్నది. మరుసటి సంవత్సరము నర్సింగును గురించిన ఆమె చిన్న గ్రంథము వెలువడినది. 1860లో, ప్రజలు చందాలతో సమకూర్చిన నిధితో, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణ పాఠశాల తెరవబడినది. ఆ వరుసను గమనించుడి: మొదట సేవ, తరువాత లెక్క, తరువాత పుస్తకము, తరువాత పాఠశాల.

ఆమె ఎన్నడును మన దేశము రాలేదు. అయినను మన దేశమును గురించి దశాబ్దాల తరబడి పనిచేసినారు. భారతదేశములోని బ్రిటిషు సైనికుల ఆరోగ్యమును గురించి 1859లో నియమింపబడిన రాయల్ కమిషను కొరకు ప్రశ్నల పట్టికలు తయారుచేసి ఇక్కడి కంటోన్మెంట్లకు పంపించినారు. 1863లో వెలువడిన నివేదిక ప్రకారము సంవత్సరానికి ప్రతి వేయిమంది సైనికులలో 69 మంది చనిపోతున్నారు. అందుకు ముఖ్య కారణములు చెడ్డ నీరు, మురుగు, ఇరుకు బారకాసులు. మొదట సైనికులకొరకు అడిగిన ఆ ప్రశ్నలనే ఆమె తరువాత మన గ్రామాల రైతుల కొరకు అడిగినారు.

తెలుగు నాట మిషను ఆసుపత్రులు

మన ప్రాంతమునకు ఈ విద్య మిషను ఆసుపత్రుల ద్వారా వచ్చినది. 1883లో అమెరికా లూథరన్ సంఘము పంపగా డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌గారు గుంటూరు చేరినారు. ఆమెకు మొదట ఇచ్చిన పని జెనానా సేవ, బాలికల చదువు. వైద్యము ఆమె పట్టుదలతో సాధించుకొన్న పని. మొదట చిన్న మందుల గదితో మొదలై, 1898 నాటికి స్త్రీలకు, పిల్లలకు పెద్ద ఆసుపత్రి వెలసినది. 1930లో ఆమె అక్కడే ప్రభువునందు నిద్రించినారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది. ఏలూరు జమీందారుగారు తమ కుటుంబమునకు అక్కడ జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు వంట చేసికొని ఉండుటకు ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించినారు. రోగితోపాటు ఇంటిల్లిపాది ఆసుపత్రికి వచ్చే మన ఆచారమును ఎరిగిన దానము అది.

ఆ రోజులలో పురుష డాక్టరు చేత నాడి చూపించుకొనుటకు కూడ అనేక కుటుంబాల స్త్రీలకు అనుమతి లేదు. తమిళనాట ఒకే రాత్రి మూడు ఇండ్లవారు వచ్చి ప్రసవ వేదనలో ఉన్న తమ స్త్రీలకొరకు స్త్రీ వైద్యురాలిని అడిగి, పురుష డాక్టరు వద్దని వెళ్లిపోగా, ఆ ముగ్గురు స్త్రీలును మరణించిన సంగతి ఇడా స్కడ్డర్‌గారి జీవితమును మార్చినది. ఆమె 1902లో వేలూరులో ఆసుపత్రిని, 1909లో నర్సుల శిక్షణ పాఠశాలను తెరచినారు. చిత్తూరు జిల్లాకు ఆనుకొనియున్న ఆ ఊరు మన తెలుగు బాలికలు అనేకులకు పుట్టినిల్లు వంటిది. 1915లో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రియు, అదే సంవత్సరము నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్‌గారి కుష్ఠురోగుల ఆసుపత్రియు తెరవబడినవి. 1920లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన కథోలిక సిస్టరు, డాక్టర్ మేరీ గ్లోరిగారు గుంటూరులో సెయింట్ జోసఫ్ ఆసుపత్రి పని చేపట్టి, స్థానిక స్త్రీలకు నర్సింగును, ప్రసవ వైద్యమును నేర్పించినారు.

ఇక్కడ ఒక నిజమును దాచకుండ చెప్పుకోవాలి. రోగి మలమూత్రాలు ఎత్తడము, చీము తుడవడము, ప్రసవపు మైల ముట్టుకొనడము – ఈ పనులన్నిటిని మన సమాజము కులము పేరిట కొందరికి కేటాయించి, వారిని ఊరి వెలుపల ఉంచినది. మంత్రసాని లేకపోతే బిడ్డ పుట్టదు గాని, ఆమె ఇంట్లోకి వస్తే మైల. అట్టి సమాజములో నర్సింగు పాఠశాలకు మొదట వచ్చినవారు మన సంఘముల బాలికలే. పల్లెలలో, పేటలలో బాప్తిస్మము పొందిన కుటుంబాల పిల్లలు, అనాథ గృహములలో పెరిగినవారు, చిన్న వయస్సున భర్తను పోగొట్టుకొన్నవారు వారిలో అనేకులు. రెండవ ప్రపంచ యుద్ధ కాలము నాటికి దేశములోని నర్సులలో నూటికి 90 మంది క్రైస్తవులనియు, వారిలో నూటికి 80 మంది మిషను ఆసుపత్రులలో శిక్షణ పొందినవారనియు అంచనా వేసినారు.

నీచమని ఎంచబడిన పనిని ఆ బాలికలు శరీర శాస్త్రముతో, సూక్ష్మక్రిముల శాస్త్రముతో కలిపి నేర్చుకొన్నారు. ఏ చేతి నీళ్లు త్రాగమని గ్రామములో చెప్పినారో, ఆ చేతి మందు ఆసుపత్రిలో త్రాగినారు. చదువు వలన ఆ పని మారలేదు. ఆ పని చేసేవారి స్థానము మారినది. మన సంఘముల చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు.

పరీక్షలు, చట్టములు, వార్డు పని

తొలి రోజులలో ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రి తనకు తోచిన పాఠము చెప్పి, తానే సర్టిఫికెటు ఇచ్చేది. ఒక చోట నేర్చిన నర్సు మరియొక చోట పనికి రాదనిపించుకొనేది. మిషను ఆసుపత్రులు ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో కలిసి పరీక్షా బోర్డులు ఏర్పాటు చేసికొన్నవి. అందరికి ఒకే పాఠ్య ప్రణాళిక, బయటివారిచే పరీక్ష అనే నియమము అలా వచ్చినది. 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషను ఏర్పడినది. 1910 నుండి వారి పత్రిక వెలువడుచున్నది. 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫుల చట్టము వచ్చినది. ఆనాడు మద్రాసు రాష్ట్రములో ఉన్న మన ఆంధ్ర జిల్లాల నర్సులు ఆ చట్టము క్రిందనే తమ పేర్లు రిజిస్టరు చేయించుకొన్నారు. 1930లో క్రైస్తవ వైద్య సంఘమునకు అనుబంధముగా నర్సుల లీగు ఏర్పడినది.

ఆ పాఠశాలల గొప్పతనమును చెప్పేటప్పుడు వాటి లోపమును కూడ చెప్పవలసియున్నది. విద్యార్థిని పేరుకు విద్యార్థినియే గాని, వార్డును నడిపేది ఆమెయే. పగలంతా వార్డు పని, అలసిన తరువాత పాఠము. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు తరగతిలో కన్నులు మూతలు పడుతుండగా కూర్చొనేవారు. ఇది మన దేశములో మాత్రమే ఉన్న సంగతి కాదు. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక, ఆసుపత్రి అవసరాల ముందు విద్యార్థిని చదువు ఎప్పుడును రెండవ స్థానమునకే వెళుతున్నదని తేల్చి చెప్పినది.

మన దేశములో ఈ సంగతులను లెక్కలతో చూపినది భోర్ కమిటీ. 1943లో నియమింపబడి 1946లో నివేదిక ఇచ్చిన ఆ కమిటీ అంచనా ప్రకారము ఆనాటి భారతదేశములో శిక్షణ పొందిన నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 జనాభాకు ఒక నర్సు. ఇంగ్లండులో 300 మందికి ఒకరు. 1971 నాటికి 500 మందికి ఒక నర్సు ఉండాలని కమిటీ లక్ష్యముగా పెట్టినది. నర్సుల నివాసము, భోజనము, పని గంటలు, జీతములు ఎంత హీనముగా ఉన్నవో కూడ ఆ నివేదిక దాచకుండ వ్రాసినది. అదే 1946లో ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగులో డిగ్రీ చదువు ప్రారంభమైనది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చినది. 1959లో ఢిల్లీ కళాశాలలో మాస్టరు డిగ్రీ చదువు మొదలైనది. ఇప్పుడు ఆ 1947 నాటి చట్టము స్థానములో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషను ఏర్పాటు చేయుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది.

పడక దగ్గర పుట్టిన ప్రశ్నలు

నర్సింగు పరిశోధన అనగా పెద్ద యంత్రములు, ప్రయోగశాలలు అని అనుకోనవసరము లేదు. పడక దగ్గర ఉన్నవారికే తోచే ప్రశ్నలు దానికి మూలము. 1952లో అమెరికాలో నర్సింగు పరిశోధనకు ప్రత్యేక పత్రిక ఆరంభమైనది. నాలుగు సంవత్సరాల తరువాత వర్జీనియా హెండర్సన్ అనే నర్సింగ్ గురువు ఆ పత్రికలోనే ఒక ఫిర్యాదు చేసినారు. పరిశోధకులు నర్సులను గురించి – వారి స్వభావము, వారి చదువు, వారి ఉద్యోగము గురించి – ఎక్కువగా పరిశోధిస్తున్నారు గాని, రోగికి చేసే సేవను గురించి చాలా తక్కువగా పరిశోధిస్తున్నారని ఆమె అన్నారు. ఆ మాట తరువాత ఫలించినది. మూడు ఉదాహరణలు చెబుతాము.

మొదటిది పడకపుండ్లు. మేము శిక్షణ పొందిన రోజులలో మంచము పట్టిన రోగి వీపును స్పిరిటుతో రుద్ది పౌడరు చల్లడము అన్ని ఆసుపత్రులలోను ఉన్న ఆచారము. పెద్దలు అలా చేసినారు, పిన్నలు అలా నేర్చుకొన్నారు. లండనులో డోరీన్ నార్టన్ అనే నర్సు, మరి ఇద్దరితో కలిసి, 250 మంది వృద్ధ రోగులను శ్రద్ధగా గమనించి 1962లో ఫలితములు ప్రకటించినారు. ఏ పూతయు, ఏ రుద్దుడును పుండును ఆపడము లేదనియు, రోగిని వేళకు వేళ ప్రక్కకు త్రిప్పి ఒత్తిడి తీసివేయడమే ఆపుతున్నదనియు తేలినది. ఎవరికి పుండు పడే ప్రమాదమున్నదో ముందుగా తెలిసికొనుటకు ఆమె ఒక కొలత కూడ ఇచ్చినారు. శరీర స్థితి, మనస్సు తెలివి, నడక, కదలిక, మలమూత్రముల అదుపు – ఈ అయిదింటికి ఒక్కొక్కదానికి 1 నుండి 4 వరకు మార్కులు. మొత్తము 20లో 14గాని, అంతకంటె తక్కువగాని వస్తే ఆ రోగి ప్రమాదములో ఉన్నట్లు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులను చూచుకొనే మన సంఘస్థులు కూడ వేసుకోగల లెక్క ఇది.

రెండవది ఆపరేషనుకు ముందు ఉపవాసము. రాత్రి నుండి ఏమియు ముట్టవద్దని చెప్పి, మరునాడు మధ్యాహ్నము వరకు రోగిని నీళ్లు లేకుండ ఉంచడము ఎన్నో చోట్ల మామూలు. 1972లో ఇంగ్లండులో హామిల్టన్ స్మిత్ అనే నర్సు చేసిన పరిశీలనలో, రోగులు అవసరమైన దానికంటె చాలా ఎక్కువ గంటలు ఆకలి దప్పులతో ఉంటున్నారని బయటపడినది. ఎవరును దుర్మార్గులు కారు. ఎవరును గంటలు లెక్క పెట్టలేదు, అంతే.

మూడవది మాట. ఆపరేషను తరువాత ఏమి జరుగుతుందో, నొప్పి ఎలా ఉంటుందో, ఏమి చేయాలో ముందుగా కూర్చొని చెప్పిన రోగులకు నొప్పి తగ్గించే మందులు తక్కువగా అవసరమైనవని జాక్ హేవర్డ్ 1975లో చూపినారు. రోగితో కూర్చొని మాట్లాడే నర్సును “పని లేదా?” అని అడిగే అలవాటు మనకున్నది. ఆ మాటయే పని అని పరిశోధన చెప్పినది.

మద్రాసు నేర్పిన పాఠము

మన దగ్గరనే జరిగిన ఒక పరిశోధన ప్రపంచమంతటిని మార్చినది. దానిని గురించి మన సంఘములలో తెలిసినవారు తక్కువ.

క్షయ రోగమునకు చిరకాలము ఒకే వైద్యము: శానిటోరియములో విశ్రాంతి, మంచి గాలి, పాలు, గ్రుడ్లు, మంచి నర్సింగు. మన మిషనులు కూడ ఆ నమ్మకముతోనే ఎంతో త్యాగము చేసి అట్టి ఆసుపత్రులను కట్టినవి. అయితే లక్షల మంది రోగులకు పడకలు ఎక్కడ? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రము స్థాపింపబడినది. పేట ఇండ్లలో ఇరుకు గదులలో నివసించే పేద రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియములో, కొందరిని ఇంట్లోనే ఉంచి, ఇద్దరికి ఒకే మందులు ఒక సంవత్సరము ఇచ్చినారు. శానిటోరియములో ఉన్నవారికి మంచి తిండి, పూర్తి విశ్రాంతి దొరికినవి. ఇంట్లో ఉన్నవారికి అవి లేవు. 1959లో ఫలితములు వెలువడినవి. రెండు వర్గములవారును దాదాపు సమానముగా కోలుకొన్నారు. ఇంట్లో ఉన్న రోగుల వలన వారి కుటుంబములకు అదనముగా రోగము సోకినట్లును కనబడలేదు.

ఇది మందుల విజయమని అందరు అంటారు. నిజమే. కాని ఆ మందులు మానకుండ మ్రింగించినది ఎవరు? ఇంటింటికి వెళ్లి, ముందుగా చెప్పకుండ తలుపు తట్టి, మిగిలిన మాత్రలు లెక్కించి, మూత్ర పరీక్ష కొరకు సీసా పట్టుకొని, మానివేసిన వారితో ఓర్పుగా మాట్లాడిన ప్రజారోగ్య నర్సులు, హెల్త్ విజిటర్లు. నర్సింగు పడక దగ్గరనుండి గడప దగ్గరకు నడచినది. పరిశోధన వలన శానిటోరియములలో సేవ చేసిన మన పెద్దల పని వ్యర్థము కాలేదు. ఆ సేవ వేరొక చోట చేయవలసియున్నదని తెలిసినది.

ఒక్క నర్సుకు ఎందరు రోగులు?

చివరిగా, నర్సుల సంఖ్యకును, చదువుకును రోగి ప్రాణముతో సంబంధమున్నదా అనే ప్రశ్న. “నర్సులు తక్కువైతే మిగిలినవారు కొంచెము ఎక్కువ పని చేస్తారు, అంతే కదా” అని అనేక ఆసుపత్రుల కమిటీలలో అనుకొనేవారు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగు ఆచార్యురాలు, ఆమె సహచరులు పెన్సిల్వేనియా రాష్ట్రములోని 168 ఆసుపత్రులలో ఆపరేషను జరిగిన 2,32,342 మంది రోగుల వివరాలు పరిశీలించి 2002లో ఫలితములు ప్రకటించినారు. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడెల్ల, ఆపరేషను తరువాత 30 దినములలో రోగి మరణించే అవకాశము నూటికి 7 వంతున పెరుగుతున్నదని తేలినది. 2014లో తొమ్మిది ఐరోపా దేశములలోని 300 ఆసుపత్రులలో చేసిన పరిశోధన అదే చెప్పినది. అంతేగాక, డిగ్రీ చదివిన నర్సులు నూటికి పదిమంది చొప్పున పెరిగినకొలది మరణించే అవకాశము నూటికి 7 వంతున తగ్గుతున్నదని కూడ చూపినది.

ఇవి విదేశపు లెక్కలు. మన ఆసుపత్రుల పరిస్థితి వేరు. రోగి ప్రక్కన బంధువులు ఉంటారు, వారు ఎంతో సేవ చేస్తారు. అయినను రాత్రి రెండు గంటలకు రోగి ఊపిరిలో వచ్చిన మార్పును గుర్తించేది చదువుకొన్న కన్ను. ఆ కన్ను నలభై పడకలను ఒక్కసారిగా చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము ప్రపంచములో 2 కోట్ల 79 లక్షల మంది నర్సులున్నారు, ఇంకను 59 లక్షల మంది కావలసియున్నది. మన బిడ్డలు గల్ఫు దేశములకు, బ్రిటనుకు వెళుతున్నారంటే అక్కడ ఆ కొరత ఉన్నది గనుకనే. వారు వెళ్లినందుకు వారిని తప్పుపట్టే ముందు, ఇక్కడ వారికి మనము ఏమి జీతము ఇచ్చినామో అడుగుకోవాలి. సుప్రీంకోర్టు ఆదేశముపై నియమింపబడిన నిపుణుల కమిటీ 2016లో, యాభై పడకలకు తక్కువైన ప్రైవేటు ఆసుపత్రిలో కూడ నర్సుకు నెలకు కనీసము 20,000 రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేసినది. “సేవ” అనే మాట చెప్పి జీతము తగ్గించే హక్కు ఎవరికిని లేదు, సంఘమునకు అసలే లేదు. సమరయుడు పూటకూళ్లవానికి కూలి ఎగవేయలేదు.

మన ముందున్న పని

నేడు నర్సింగ్ కళాశాలలు మన రెండు తెలుగు రాష్ట్రములలో విస్తారముగా ఉన్నవి. డిగ్రీ చదువులో పరిశోధన ఒక పాఠ్యాంశము. 1986లో భారత నర్సింగు పరిశోధనా సంఘము కూడ ఏర్పడినది. అయినను విద్యార్థినులు వ్రాసే అనేక పరిశోధన వ్యాసములు, ఫలానా విషయమును గురించి కొందరికి ముందు ఎంత తెలుసు, పాఠము చెప్పిన తరువాత ఎంత తెలుసు అనే ప్రశ్నతోనే ముగుస్తున్నవి. రోగి పుండు మానినదా, బిడ్డ బ్రతికినదా, నొప్పి తగ్గినదా అనే ప్రశ్న వరకు రావడము తక్కువ. హెండర్సన్‌గారి ఫిర్యాదు మనకును వర్తిస్తుంది.

ఈ శతాబ్ది సంవత్సరములో మన సంఘముల ముందు మేము నాలుగు మనవులు ఉంచుతున్నాము.

మొదటిది, మన పాత ఆసుపత్రులలో చెదలు పడుతున్న వార్డు రిజిస్టర్లను, ప్రసవ రిజిస్టర్లను, విద్యార్థినుల పేర్ల పుస్తకములను భద్రపరచాలి. బాప్తిస్మపు రిజిస్టరును ఎంత జాగ్రత్తగా దాచుతామో, వాటిని కూడ అంత జాగ్రత్తగా దాచాలి. ఎందరు తల్లులు బ్రతికినారో, ఏ పల్లె పిల్ల ఏ సంవత్సరము నర్సు అయినదో అందులోనే ఉన్నది.

రెండవది, మన ఆసుపత్రి ఎంత చిన్నదైనను, ప్రతి వార్డులో ఒక లెక్క పుస్తకము ఉంచాలి. ఈ నెల ఎందరికి పడకపుండ్లు పడినవి, సూది వేసిన చోట ఎందరికి వాచినది, ఎందరు మంచము మీదనుండి జారిపడినారు, ఆపరేషనుకు ముందు ఎన్ని గంటలు పస్తు ఉన్నారు – ఈ నాలుగు అంకెలు నెలకొకసారి నర్సులందరు కూర్చొని చూచుకొంటే చాలును. దీనికి డబ్బు అక్కరలేదు. తప్పు వ్రాసినవారిని శిక్షించమనే భరోసా మాత్రము కావాలి. లేకుంటే అంకెలు తగ్గుతాయి గాని పుండ్లు తగ్గవు.

మూడవది, నర్సింగ్ విద్యార్థినిని చవకైన పనిమనిషిగా చూడరాదు. బోధించే వారికి సమయము, పుస్తకములు ఇవ్వాలి. ఆసుపత్రి కమిటీలలో నర్సులకు స్థానము ఉండాలి. నూరేండ్లుగా మన ఆసుపత్రులను నిలబెట్టినవారు ఆ కమిటీ గది వెలుపల నిలబడడము తగదు.

నాలుగవది, సంఘమంతయు నేర్చుకోవలసిన పని. మన పల్లెలలో పిల్లలు పట్టణములకు, విదేశములకు వెళ్లిపోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు అనేకులున్నారు. ప్రతి సంఘములో ఉద్యోగ విరమణ చేసిన నర్సులు ఒకరిద్దరైనను ఉంటారు. వారిచేత స్త్రీల మైత్రికి, యువజనులకు ఇంటి నర్సింగు నేర్పించవచ్చును: మంచము పట్టినవారిని ప్రక్కకు త్రిప్పడము, పుండు పడకుండ చూచుకొనడము, మందుల వేళ వ్రాసి పెట్టడము. పరామర్శకు వెళ్లి ప్రార్థన చేసిన తరువాత, వీపు ఎర్రబడినదేమో చూచి రావడము కూడ పరామర్శయే.

గుడి గంటకు లేచి, గుడ్డి దీపము వెలుతురులో పాఠము చదువుకొని, అంటరానిదని పేరు పడిన చేతితో వేలమందిని బ్రతికించిన మన తొలి నర్సమ్మల పేర్లు చాలావరకు ఏ రాతిమీదను చెక్కబడలేదు. వారి ఓర్పును స్తుతించడము సులభము. వారు తమ కాలములో నేర్చుకొన్నంత శ్రద్ధగా మన కాలములో నేర్చుకొనుటకు మన బిడ్డలకు అవకాశము ఇవ్వడమే వారికి తగిన జ్ఞాపకార్థము. అట్టి కృపను దేవుడు మన సంఘములన్నిటికి దయచేయును గాక.